పీజీ టెర్రస్ మీంచి పక్క టెర్రస్‌కి దూకాలంటే ఇంకా ఎన్నాళ్ళు ప్రాక్టీస్ చేయాలి?

బీటీఎం_సీను:

అందరికీ నమస్తే. బెంగళూరు బీటీఎం సెకండ్ స్టేజ్‌లో పీజీలో (పేయింగ్ గెస్ట్ హాస్టల్) ఉంటా, టెస్టింగ్ జాబ్, సొంతూరు అనంతపురం పక్కన. కొన్ని నెలలుగా పార్కూర్ (గోడలు, గట్లు, బెంచీల్లాంటి అడ్డంకుల్ని దూకుతూ, ఎక్కుతూ దాటడం) చేస్తున్నా. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, వీడియోలు చూసి మా లేఅవుట్ పార్కులో పొద్దున్నే చేసుకుంటా. బెంచీ మీద చేయి వేసి దాటడం వచ్చింది, రోల్ (దూకి దిగగానే భుజం మీదుగా దొర్లడం) గడ్డి మీద అయితే పర్లేదు, సిమెంటు మీద చేస్తే భుజం పట్టేస్తోంది.

అసలు సంగతి ఏంటంటే మా పీజీ నాలుగంతస్తులు, పక్కదీ అంతే ఎత్తు, అదీ పీజీనే. మధ్యలో సందు ఐదున్నర అడుగులు ఉంటుందేమో (బీటీఎం తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఇక్కడ ఒక వంటింట్లో పోపు పెడితే పక్క బిల్డింగ్‌లో తుమ్ముతారు). నేల మీద నిలబడి నేను ఏడడుగులు దూకగలను, టేపు పెట్టి కొలిచా. రూమ్మేట్లు ఇద్దరు అవతలి టెర్రస్ ఎక్కి వీడియో తీస్తామని నాకంటే ఎక్కువ హుషారుగా ఉన్నారు, ఒకడైతే రీల్‌కి పాట కూడా సెలెక్ట్ చేసి పెట్టాడు.

ఏడడుగులు వచ్చేవాడికి ఐదున్నర లెక్క ప్రకారం ఈజీయే కదా. కానీ పైకెళ్ళి అంచు దగ్గర నిలబడితే మోకాళ్ళు వణుకుతున్నాయి. ఈ భయం పోవాలంటే ఏం చేయాలి? ఇంకా ఎన్ని నెలలు చేస్తే సేఫ్ అంటారు? వద్దు అనేవాళ్ళు ఎందుకు వద్దో కూడా చెప్పండి ప్లీజ్, ఉత్త "వద్దు" మా ఇంట్లోనే కావల్సినంత దొరుకుతుంది.

కబ్బన్‌పార్క్_కోతి:

ఎందుకో చెప్తా బ్రో, కాస్త పొడుగవుతుంది.

ముందు ఆ లెక్క సంగతి చూద్దాం. నేల మీద ఏడడుగులు ఎలా దూకావు? రెండు పాదాలూ గట్టి నేల మీద పూర్తిగా ఆనించి, చేతులు వెనక్కి ఊపి, పడేటప్పుడు ముందుకు తూలినా వెనక కూలబడినా ప్యాంటుకి దుమ్ము తప్ప ఏం కాదన్న ధీమాతో దూకావు. టెర్రస్ మీద పిట్టగోడ ఉంటుంది కదా, మూడడుగులో మూడున్నరో. దాన్ని దాటాలంటే దాని మీదకి ఎక్కి దూకాలి. దాని మందం ఎప్పుడైనా చూశావా? ఇక్కడి పీజీల్లో చాలావాటికి నాలుగంగుళాల కాంక్రీటు బ్లాకు, అటూ ఇటూ ప్లాస్టరింగ్, అంతే. నీ పాదం పది అంగుళాలు ఉంటుంది. అంటే సగం పాదం గాల్లో. పైగా నువ్వు ముందుకి ఎగరాలంటే గోడని అంతే బలంతో వెనక్కి తన్నాలి, అదీ గోడ పైఅంచు దగ్గర. బట్టలారేసేవాళ్ళు ఆనుకుంటే కింద పడకుండా ఉండటానికి కట్టిన గోడ అది, ఆ తన్నుడు తట్టుకోవాలని ఏ మేస్త్రీ కట్టడు. అడుగున ఎక్కడైనా బీట ఉంటే ప్లాస్టరింగ్, రంగు కప్పేస్తాయి, నీకు కనపడదు.

అవతల కూడా అలాంటి గోడే. ఆ సన్నటి అంచు మీదే దిగి ఆగడాన్ని ప్రెసిషన్ జంప్ అంటారు, అది ఇలాంటి చోట రావాలంటే ఏళ్ళు పడుతుంది. ఆగకుండా దాటి లోపలికి దిగుతా అంటావా, అప్పుడు దూరం ఐదున్నర కాదు, గోడ మందం, మడమలు తగలకుండా కాస్త ఎడం, అన్నీ కలుపు. నువ్వు ఒకటిన్నర అడుగు మిగులు అనుకున్నది అరడుగుకి వచ్చేస్తుంది, అదీ నేల మీద తన్నినంత బలంగా ఆ సన్న గోడ మీద తన్నగలిగితేనే. మోకాళ్ళు వణుకుతున్నప్పుడు ఎవడూ నేల మీద దూకినంత దూరం దూకడు. చివరి క్షణంలో మనసు వెనక్కి లాగుతుంది, కాళ్ళు అప్పటికే బయల్దేరి ఉంటాయి, దెబ్బలు ఎక్కువగా తగిలేది అలాంటప్పుడే. ఇంకా అవతల దిగేచోట సింటెక్స్ పైపులు, డిష్ కేబుళ్ళు, బట్టల తీగ ఏమున్నాయో వెళ్ళి చూశావా?

ఇక పడితే ఏమవుతుందో. గాలి సంగతి పక్కన పెట్టి లెక్కేస్తే, ఒక మీటరు ఎత్తు నుంచి దిగినప్పుడు నేలని తాకే వేగం గంటకి 16 కిలోమీటర్లు. 3 మీటర్లకి 28. నాలుగంతస్తులు 12 మీటర్లు అనుకుంటే 55. రోల్ చేస్తాలే అనుకోకు, రోల్ పనిచేయాలంటే ముందుకెళ్ళే వేగం ఉండాలి, సందులో నిలువుగా పడేవాడికి చోటే ఉండదు.

నెలల్లో అడిగావు కాబట్టి సూటిగా చెప్తున్నా, ఆ జంప్‌కి నెలల లెక్క లేదు. రోడ్డు పక్కన గట్టు మీంచి ఇంకో గట్టు మీదకి, అదే దూరం, అదే సన్నటి అంచు, పది సార్లకి పది సార్లూ ఊగకుండా, చేతులు ఆడించకుండా ఆగగలగాలి. ఒళ్ళు అలిసిపోయాక కూడా. పార్కూర్ చేసేవాళ్ళం దూరాన్ని టేపుతో కాదు, మన పాదాలతోనే కొలుస్తాం, మడమకి వేలు ఆనించి అడుగులు లెక్కపెట్టుకుంటాం, ఎందుకంటే కొత్త చోట టేపు ఉండదు. ముందు అది మొదలుపెట్టు. పడేటప్పుడు చప్పుడు విను. "ధబ్" అని వినిపించిందంటే ఆ బరువంతా మోకాళ్ళు మోశాయని అర్థం. మునివేళ్ళ వెనక మెత్తటి భాగం మీద దిగి, మడమ తర్వాత ఆని, మోకాళ్ళు పాదం వైపే చూస్తూ వంగితే చప్పుడు రాదు. నా లెక్కలో అది పక్కాగా వచ్చేదాకా నడుం ఎత్తు కంటే పైనుంచి దూకడం అనవసరం.

భయం పోగొట్టుకోవడం గురించి అడిగావు. నీ భయం సరిగ్గా పనిచేస్తోంది, దాన్ని కదిలించకు. దానికి బదులు ఒకటి ఆలోచించు, ఆ ఇద్దరూ ఊరెళ్ళిన రోజు, ఫోన్ రూములో పెట్టేసి, తర్వాత ఎవరికీ చెప్పకుండా, ఆ జంప్ చేస్తావా? చేయను అనిపిస్తే అది వాళ్ళ రీల్ కోసం చేస్తున్న జంప్. మునగచెట్టు ఎక్కించేవాళ్ళు ఆస్పత్రికి ఒక రోజు వస్తారు, రెండో రోజు ఆఫీసుందంటారు.

మదనపల్లె_మామ:

ఏంటో నాయనా, మేం చిన్నప్పుడు మామిడితోటల గోడలు దూకాం, చింతచెట్లు ఎక్కాం, మోటబావిలోకి గట్టు మీంచి దూకి ఈత నేర్చుకున్నాం. దానికి ఫ్రెంచి పేరూ లేదు, బూట్లూ లేవు, వీడియో తీసేవాడూ లేడు. తోటమాలి కర్ర పట్టుకుని వెంటపడితే తెలిసేది ఎవడు ఎంత దూకగలడో. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందని, సిమెంటు మీద పిల్లిమొగ్గ సరిగ్గా రానివాడివి నాలుగో అంతస్తు నీకెందుకు? మీ నాన్న నంబరివ్వు, నేను మాట్లాడతా.

వైట్‌ఫీల్డ్_వెంకట్:

మామా, మీరు ఎగతాళిగా అన్నారేమో గానీ మీరు చెప్పిందే దీని మూలం. జార్జ్ ఎబేర్ అని ఫ్రెంచి నేవీ ఆఫీసరు ఒకాయన ఉండేవాడు. 1902లో మార్టినిక్ దీవిలో అగ్నిపర్వతం పేలినప్పుడు జనాన్ని కాపాడే పనిలో ఉన్నాడు. ఓడ ప్రయాణాల్లో చూసిన, వ్యాయామశాల మొహం ఎరగని ఆఫ్రికా పల్లె జనం అంత చురుగ్గా, దృఢంగా ఎలా ఉన్నారా అని గమనించి, ఆ తర్వాత ఒక పద్ధతి తయారుచేశాడు. నడక, పరుగు, దూకడం, నాలుగు కాళ్ళ మీద పాకడం, ఎక్కడం, నిలదొక్కుకోవడం, విసరడం, ఎత్తడం, ఆత్మరక్షణ, ఈత. మీ మామిడితోట, చింతచెట్టు, మోటబావి అన్నీ అందులో ఉన్నాయి చూడండి. ఆయన మాట ఒకటుంది, బలంగా ఉండాలి, ఎందుకంటే నలుగురికి పనికిరావాలి అని. ఆ ప్రభావంతోనే ఫ్రెంచి సైన్యంలో అడ్డంకుల ట్రాక్ వచ్చింది, దాన్ని పార్కూర్ ద్యు కొంబత్తాఁ అంటారు, పేరు అక్కడి నుంచే.

తర్వాత రేమోఁ బెల్. వియత్నాంలో పుట్టి, అక్కడి యుద్ధకాలంలో చిన్నప్పుడే ఇంటికి దూరమై సైనిక బడిలో పెరిగాడు. రాత్రి అందరూ పడుకున్నాక లేచి ఒక్కడే అడ్డంకుల ట్రాక్ మీద సాధన చేసేవాడట, కొడుకు డేవిడ్ బెల్ చెప్పిన సంగతి ఇది. సీనూ, అక్కడ రూమ్మేట్లూ లేరు రీలూ లేదు, గమనించు. పెద్దయ్యాక పారిస్ ఫైర్ సర్వీసులో చేరి జనాన్ని కాపాడటంలో పేరు తెచ్చుకున్నాడు. డేవిడ్, అతని స్నేహితులు పారిస్ శివారు లిస్‌లో, ఎవ్రీలో దీన్ని ఇప్పుడు మనం చూస్తున్న రూపానికి తెచ్చారు, 1990ల్లో. ఆ గుంపులోని సెబాస్టియాఁ ఫూకాఁనే 2006 బాండ్ సినిమా మొదట్లో క్రేన్ల మీద పరిగెత్తేది. జనం ఆ క్రేన్ చూసి మొదలుపెడతారు, దాని వెనకున్న ఏళ్ళ సాధన ఏ సినిమాలోనూ కనపడదు.

పార్కూర్‌లో పోటీలు ఉండాలా వద్దా అన్నది ఇంకా నలుగుతున్న గొడవే. అంతర్జాతీయ జిమ్నాస్టిక్స్ సమాఖ్య దీన్ని తమలో కలుపుకుని 2022లో టోక్యోలో మొదటి వరల్డ్ ఛాంపియన్‌షిప్ పెట్టింది, చాలామంది పాతవాళ్ళకి అది నచ్చలేదు. నాకు పోటీల మీద కోపం లేదు. మార్కులేసే జడ్జి అయినా కనీసం ఆట తెలిసినవాడు. లైకులేసేవాడికి అది కూడా తెలీదు కదా.

ఫిజియో_అక్క:

సీనూ తమ్ముడూ, అందరూ టెర్రస్ గురించే మాట్లాడుతున్నారు, నాకు నీ భుజం మీద అనుమానం. ఇక్కడ ఫిజియోథెరపిస్టుగా చేస్తున్నా, పరుగులు పెట్టేవాళ్ళు, జిమ్ వాళ్ళు ఎక్కువగా వస్తారు నా దగ్గరికి.

సిమెంటు మీద రోల్ చేస్తే నొప్పెడుతోందంటే, నువ్వు భుజం చివర పొడుచుకొచ్చిన ఎముక మీద పడుతున్నావని దాదాపు ఖాయంగా చెప్పొచ్చు. గడ్డి ఆ తప్పుని దాచేస్తుంది, అందుకే అక్కడ పర్లేదనిపిస్తోంది. కుడి భుజం మీద రోల్ అయితే తల ఎడమ వైపు తిప్పి, గడ్డం లోపలికి పెట్టి, భుజం వెనక కండ నేలని తాకేలా వెళ్ళు, అక్కడి నుంచి వీపు మీద ఏటవాలుగా ఎడమ తుంటికి రావాలి. వెన్నుపూస మీద తిన్నగా దొర్లకూడదు, తల అసలు తగలకూడదు. మోకాళ్ళ మీద కూర్చుని, నెమ్మదిగా, పల్చటి చాప మీద చేసి చూడు. ఏ ఎముక నొక్కుకుంటోందో నీకే తెలిసిపోతుంది.

రెండోది, నీలాగా కొన్ని నెలలు చేసి బాగుంది అనిపించే దశలోనే నా దగ్గరికి ఎక్కువమంది వస్తారు. కండ వారాల్లో బలపడుతుంది, ఎముకకి కండని కట్టిపడేసే స్నాయువులకి నెలలు పడుతుంది. కండ "రెడీ" అంటుంది, మోకాలి చిప్ప కింద, మడమ వెనక ఉండే ఆ తాళ్ళు ఇంకా రెడీగా ఉండవు. దూకిన రోజు ఏం తెలీదు, మర్నాడు పొద్దున మెట్లు దిగేటప్పుడు చిప్ప కింద పొడిచినట్టు అవుతుంది. అలా అవుతుంటే దూకడం తగ్గించు, కానీ పూర్తిగా మానేసి మంచమెక్కకు, బస్కీలు, మడమలు ఎత్తి దించడం లాంటివి నెమ్మదిగా, నొప్పి పెరగనంతవరకు చెయ్యి. దూకే ప్రాక్టీస్ రోజూ వద్దు, మధ్యలో కనీసం ఒక రోజు ఎడం ఉండాలి. నిద్ర సంగతి వేరే చెప్పాలా, నైట్ షిఫ్ట్ చేసి పొద్దున్నే పార్కుకి వెళ్ళి దూకేవాళ్ళని చూస్తే నాకు టెన్షన్.

చీలమండ మడతపడితే, వెంటనేగానీ కాసేపయ్యాకగానీ నీ అంతట నువ్వు నాలుగడుగులు వేయలేకపోయినా, చీలమండకి ఇటు అటు ఉబ్బెత్తుగా ఉండే ఎముకల వెనక అంచు నొక్కితే నొప్పిగా ఉన్నా, పాదం బయటి అంచు మధ్యలో పొడుచుకొచ్చిన ఎముక నొక్కితే నొప్పున్నా, ముందు ఎక్స్‌రే. మనవాళ్ళకి ఒక అలవాటుంది, కాలు వాచగానే ఎవరితోనో "నరం లాగించడం", లేదా పుత్తూరు కట్టు బోర్డు కనపడగానే ఆటో ఆపడం. మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ఆ నమ్మకం ఉంటే నేను వాదించను, కానీ ఎక్స్‌రే చూడకుండా ఎవరినీ ఆ కాలు తిప్పనివ్వొద్దు. వాచిన కాలు మొదటి రోజుల్లో రుద్దడం కూడా వద్దు.

బీటీఎం_సీను:

అందరికీ థాంక్స్. మామా, నాన్న నంబరు మాత్రం ఇవ్వను.

పిట్టగోడ వెళ్ళి కొలిచా, ప్లాస్టరింగ్‌తో కలిపి ఐదంగుళాలు. ఓనరు చూసి నీళ్ళ ట్యాంకు దగ్గర ఏం చేస్తున్నావని అడిగాడు, అది వేరే కథ. కోతి అన్నా, మీరు అడిగినదానికి నిజంగా ఆలోచిస్తే, ఎవరూ చూడకపోతే చేయను. కానీ పార్కులో పొద్దున చేసేది మాత్రం ఎవరూ చూడకపోయినా చేస్తా, చూడకపోతేనే బాగుంటుంది. రూమ్మేట్లు "భయపడ్డావా" అని ఆడిపోసుకుంటున్నారు, ఇంకో వారం పోతే వేరే టాపిక్ దొరుకుతుందిలే. ఒంటరిగా చేస్తుంటే సరిగ్గా చేస్తున్నానో లేదో తెలియట్లేదు. ఎక్కడ చేయాలి, ఏ షూ కొనాలి, కాస్త చెప్పండి.

కోరమంగల_కీర్తి:

షూ గురించి ఎక్కువ ఆలోచించకు. అడుగుభాగం పల్చగా, చదునుగా, మొత్తం ఒకే రబ్బరు ముక్కగా ఉన్నది చూసుకో. పాదం మధ్యలో గట్టి ప్లాస్టిక్ ఉన్న రన్నింగ్ షూలు వద్దు, గోడ అంచు సరిగ్గా అక్కడ తగిలితే జారిపోతుంది. దూది పరుపులాంటి మెత్తటి సోల్ ఉంటే ఎలా పడుతున్నావో నీ కాలికి తెలీదు. ఖరీదైనది కొనకు, నెలల్లో అరిగిపోతుంది.

చోటు విషయానికొస్తే, మీ లేఅవుట్ పార్కే మంచిది. పొద్దున్నే వెళ్ళు, గార్డుతో ముందే మాట్లాడు. ఏం చేస్తున్నావో ఒకసారి చూపిస్తే చాలామంది ఏమీ అనరు, చెప్పకుండా గోడలు ఎక్కుతుంటే దొంగ అనుకుంటారు, వాళ్ళ తప్పు కాదు. చెట్ల కొమ్మలు, విగ్రహాలు, పిల్లల ఊయల స్టాండ్లు, ఇవి వద్దు. వాకింగ్‌కి వచ్చే పెద్దవాళ్ళు దగ్గరికొస్తే ఆగిపో. ఇవన్నీ మర్యాద కోసం చెప్తున్నా అనుకోకు, ఒక్కడు అతి చేస్తే మొత్తం అందరికీ పార్కు మూసుకుపోతుంది.

దేని మీదైనా బరువు వేసే ముందు చేత్తో తడిమి చూడు. ఇది నాకు మొదటి రోజు నేర్పారు, ఇప్పటికీ చేస్తా. ఇక్కడ కాంపౌండ్ గోడల పైన సిమెంటులో గాజు పెంకులు గుచ్చి ఉంటాయి, కొన్నిచోట్ల మీద నాచు కప్పేసి కనపడవు. గోడ పైరాయి ఊగుతుందేమో అరచేత్తో నెట్టి చూడు, తర్వాత కాలితో, తర్వాతే దాని మీద ఎక్కు. రెయిలింగ్ అయితే పట్టుకుని ఊపి, అడుగున వెల్డింగ్ దగ్గర తుప్పు ఉందేమో చూడు. ఫుట్‌పాత్ మీద మోరీ కప్పిన రాతిపలకల మీదకి మాత్రం ఎప్పుడూ దూకకు, ఏది కదులుతుందో వేసినవాళ్ళకే తెలీదు. మే నుంచి అక్టోబరు దాకా మన సాయంత్రపు వాన సంగతి తెలిసిందే, తడి పెయింటు, తడి గ్రానైటు రెండూ ఒకటే జారుడు.

ఇంకో మాట. ఆడపిల్లని కాబట్టి నేను గోడ ఎక్కితే ఊరికే నిలబడి చూసేవాళ్ళు ఎక్కువ, చప్పట్లు కొట్టేవాళ్ళూ ఉంటారు. చప్పట్లు వినగానే ఇంకాస్త పెద్దది చేద్దామనిపిస్తుంది. అలా అనిపించినప్పుడు నేను కిందకి దిగి నీళ్ళు తాగుతా, వాళ్ళు వెళ్ళాక అప్పటికే వచ్చిన జంప్‌నే మళ్ళీ చేస్తా. భయంలో కూడా నాకు రెండు రకాలు తెలుసు. కింద నేల మీద పదికి పది వచ్చిన జంప్‌ని మోకాలెత్తు గోడ మీద చేయాలంటే వేసే భయం ఒకటి, దాన్ని మెల్లగా మాట్లాడి దాటించొచ్చు, ముందు చిన్న దూరం, తర్వాత పెద్దది. నేల మీదే పదికి ఆరు వస్తూ పైకెక్కినప్పుడు వేసే భయం ఇంకొకటి. దాంతో వాదించకూడదు, దిగిపోవాలి. దిగిపోవడాన్ని మా గుంపులో ఎవరూ వెక్కిరించరు, అలా వెక్కిరించే గుంపు దొరికితే అక్కడ చేయకు.

కబ్బన్‌పార్క్_కోతి:

కీర్తి చెప్పింది కరెక్ట్. సీనూ, ఆదివారాలు కబ్బన్ పార్కు లోపల రోడ్లకి బళ్ళు రావు, పొద్దున్నే కొంతమందిమి కలుస్తాం, డీఎం చెయ్యి. మొదటి రోజు దూకడం ఏమీ ఉండదు. నాలుగు కాళ్ళ మీద మెట్లు ఎక్కిస్తాం, వెనక్కి దిగిస్తాం, గట్టు మీద నడిపిస్తాం, మర్నాడు ఆఫీసులో కుర్చీలోంచి లేవడానికి టేబులు పట్టుకుంటావు. అంతా అయ్యాక నీ రోల్ ఒకసారి చూద్దాం, అక్క చెప్పినట్టు చాప మీద ముందే నాలుగు రోజులు చేసుకుని రా. మోచేతులు కప్పే ఫుల్ హ్యాండ్స్ వేసుకో, నీళ్ళ బాటిల్ తెచ్చుకో. రాత్రి వాన పడితే రావద్దు, ఆ రోజు మేమూ పెట్టుకోం.

మదనపల్లె_మామ:

ఆదివారం ఎన్ని గంటలకి? దూకడానికి కాదులే, చూడటానికి.